పాతజట్టు లేచే వేళ

మొన్న ఉదయం కోదాడ నుంచి మిర్యాలగూడకు వెళుతుంటే, ఊరు ఇంకా కనిపించకముందే బస్సు కిటికీలోంచి ఉడికిన వడ్ల వాసన వచ్చింది. మిల్లుల్లో ఉప్పుడు బియ్యం కోసం వడ్లకు ఆవిరి పట్టేటప్పుడు వచ్చే వాసన అది. పక్క సీట్లో ఉన్నావిడ కొంగు ముక్కుకు అడ్డం పెట్టుకుంది. నాకు మాత్రం ఆ వాసన తగలగానే భుజం మీద ఎవరో వేలితో పొడిచినట్టయింది. సుగుణ మేడం అలాగే పొడిచేవారు. మాట్లాడాలనుకుంటే పేరు పెట్టి పిలిచేవారు కాదు. వెనకనుంచి వచ్చి చూపుడువేలితో భుజం మీద ఒక్క పోటు పొడిచి, "ఏం పిల్లా" అనేవారు. నాకు నలభై దాటినా పిల్లనే. ఆవిడ గురించి రాయాలని చాలాకాలంగా అనుకుంటున్నాను. ఆవిడను చూడనివాళ్ళకు ఆవిడ చేసిన పనిని చూపించడం కష్టం. ఎందుకంటే ఆ పని బాగా జరిగినప్పుడు కంటికి కనిపించదు.

మా కంపెనీ పెద్దది. మిర్యాలగూడలో రైస్ మిల్లులు, కోదాడలో గోదాములు, లారీలు, సూర్యాపేటలో ధాన్యం కొనే కేంద్రం ఉన్నాయి. ఒక్కోచోట ఒక్కో కంప్యూటర్ పద్ధతి ఉండేది. మిల్లులో ఉన్నది ఎప్పుడో ఎవరో రాసిపెట్టి వెళ్ళిపోయింది. గోదాములో ఉన్నది ఇంకొకరు అమ్మినది. సూర్యాపేట గేటు దగ్గరిది ఈ రెంటితోనూ మాట్లాడేది కాదు. వాటి మధ్య సమాచారం ఫోన్లలోనూ, వాట్సాప్ ఫొటోల్లోనూ నడిచేది. వీటన్నిటినీ ఒక్క పద్ధతి కిందికి తేవడానికి సుగుణ మేడంను తీసుకొచ్చారు. ఆర్కిటెక్ట్ అంటారు ఆ ఉద్యోగాన్ని. ఏ సమాచారం ఎక్కడ పుట్టాలి, ఎక్కడ నిలవాలి, ఏ దారిన ఎవరికి చేరాలి, ఆ దారి తెగితే ఏం చేయాలి అని ముందే ఆలోచించి గీసిపెట్టే పని. ఆవిడది తిరుమలగిరి దగ్గర పల్లె. ఇంట్లో గొర్రెలు కాసేవారు. చదువుకుని హైదరాబాద్‌లో పెద్ద పెద్ద కంపెనీలకు ఇదే పని చేసి, యాభై దాటాక మళ్ళీ ఇటువైపు వచ్చారు. నేను ఆవిడ దగ్గర రెండో మనిషిగా చేరాను.

నేను కోదాడలో భజన మందిరం నీడన పెరిగినదాన్ని. మా నాన్న భజన సమాజానికి పెద్ద. అక్షరాలు నేర్చుకున్నప్పుడే శ్లోకాలూ నేర్చుకున్నాను. ఇప్పటికీ పారాయణం చేయకుండా మంచినీళ్ళయినా తాగను. ఇది ఎందుకు చెబుతున్నానంటే, సుగుణ మేడంకు ఈ విషయం మొదటిరోజే తెలిసింది, నా నుదుటి మీది బొట్టు చూసి. "భక్తురాలివా? మంచిది. తప్పు చేస్తే భయపడే మనిషి నాకు కావాలె" అన్నారు.

ఆ మొదటిరోజు ఆవిడకు చూపించాలని ఒక పటం గీసుకుని వెళ్ళాను. హైదరాబాద్‌లో బ్యాంకుల పని చేసిన అనుభవం అంతా అందులో పెట్టాను. రంగురంగుల డబ్బాలు, వాటి మధ్య బాణాలు. ఆవిడ కళ్ళద్దాలు పైకి నెట్టి చాలాసేపు చూశారు.

"బొమ్మ సక్కగుంది. ఎవలు గీసిన్రు?"

"నేనేనండి."

"అండి గిండి ఇడ్సిపెట్టు. మీ కోదాడోళ్ళు బార్డర్ల ఉండి ఉండి సగం ఆంధ్రోళ్ళయిన్రు. ఇగో, ఈ డబ్బా ఉంది సూడు. ఇది పడిపోతే ఎవలేడుస్తరు?"

నేను కొంచెం తడబడి, "డేటా కాస్త ఆలస్యమవుతుంది మేడం" అన్నాను.

"డేటా ఏడ్వది పిల్లా. మనిషేడుస్తడు. ఏ మనిషి?"

నాకు తెలియలేదు. ఆవిడ పటం మడిచి నా చేతికే ఇచ్చి, "పో. ఒక బండెన్క పో. అది ఏడ ఆగితే గాడ ఆగు. వచ్చినంక గీద్దువు" అన్నారు. మర్నాడు మాడుగులపల్లి వైపు ఒక పొలం దగ్గర మిషను కోసిన వడ్లు నింపుకుంటున్న ట్రాక్టరు పట్టుకుని, దాని వెనకే మిల్లు దాకా వచ్చాను. గేటు దగ్గర చిట్టీ రాశారు. ఇంకొకచోట గింజలు తీసి తేమ చూశారు. కాంటా మీద తూచారు, దించారు, మళ్ళీ ఖాళీ బండి తూచారు. ప్రతిచోటా ఆ రైతు పేరు కొత్తగా రాసుకున్నారు. ఒకచోట ఇంటిపేరుతో, ఒకచోట తండ్రి పేరుతో, ఒకచోట ఊరి పేరుతో. మా లెక్కల్లో ఆ ఒక్క మనిషీ ముగ్గురయ్యాడు. ఆయన మాత్రం ట్రాక్టరు మడ్‌గార్డు మీద కూర్చుని, ఎండలో తలకు తువ్వాలు చుట్టుకుని, ముందున్న బండి ఎప్పుడు కదులుతుందా అని చూస్తున్నాడు. సాయంత్రం వచ్చి నా పటం మళ్ళీ తెరిచి, ప్రతి డబ్బా పక్కనా అది పడిపోతే ఏడ్చే మనిషి ఎవరో రాశాను. మూడు డబ్బాల పక్కన ఏమీ రాయలేకపోయాను. మేడం ఆ మూడింటినీ కొట్టేశారు.

ఆవిడ పని నేర్పే తీరు వేరు. ఒకరోజు మిల్లు వెనక వడ్లు ఆరబోసే సిమెంటు కల్లం ఖాళీగా ఉంటే, సుద్దముక్క పట్టుకుని దాని మీద పెద్ద పెద్ద డబ్బాలు గీశారు. ఒక్కో డబ్బాలో ఒక్కొక్కరిని నిలబెట్టారు. సూర్యాపేట గేటులో కాంటా దగ్గర కూర్చునే లింగయ్య ఆరోజు పనిమీద మిర్యాలగూడ వచ్చి ఉన్నాడు. ఆయనను కాంటాగా నిలబెట్టారు. పక్క డబ్బాలో అకౌంట్స్ చూసే పెద్దాయన. లింగయ్య చిట్టీ తెచ్చి ఆయనకు ఇవ్వాలి, ఆయన తీసుకున్నాకే మళ్ళీ వెళ్ళి ఇంకొక చిట్టీ తేవాలి. మా పాత పద్ధతి అట్లాగే నడిచేది. కాసేపు నడిచాక మేడం, "అకౌంట్స్ సారూ, మీరు పడిపోయిన్రు. కూసోన్రి" అన్నారు.

"గంతేనా? అయితే చాయ్ తాగొస్త" అంటూ ఆయన సంతోషంగా కూలబడ్డాడు. అందరూ నవ్వారు.

లింగయ్య చిట్టీ పట్టుకుని నిలబడి, "గిది ఎవలకియ్యాలె మేడం?" అన్నాడు.

"ఎవలకియ్యొద్దు. నిలబడు."

లింగయ్య నిలబడ్డాడు. ఆయన వెనక బండ్లుగా నిలబెట్టినవాళ్ళు ఒకరి వెనక ఒకరు చేరారు. వరస కల్లం దాటి గోడ దాకా పోయింది. "మేడం, లైన్ హైవే ఎక్కింది. ఇగ పోలీసోళ్ళొస్తరు" అన్నాడు లింగయ్య. అప్పుడు ఆవిడ గోడ పక్కనున్న గంప ఒకటి తెచ్చి రెండు డబ్బాల మధ్య పెట్టారు. "చిట్టీ ఇందుల ఎయ్యి. నీ పని నువ్వు చేస్కో పో." వరస కదిలింది. కాసేపటికి పెద్దాయన లేచి, గంపలోంచి వచ్చిన వరసలోనే చిట్టీలు తీసుకుని రాసుకున్నాడు. ఏదీ పోలేదు. పెద్ద కంపెనీల్లో ఈ గంపకు పెద్ద పెద్ద పేర్లున్నాయి. నేను ఏళ్ళ తరబడి వాటిని పటాల్లో గీశాను. కానీ ఒకరు కూలినప్పుడు ఆ కూలడం పక్కవాడి మీద పడకుండా మధ్యలో ఒకటి నిలబడి మోయడం అంటే ఏమిటో నాకు ఆరోజే అర్థమయింది. మా మందిరంలో ఓర్పు గురించి ఎన్నో ప్రసంగాలు విన్నాను. ఆ గంప చూశాక ఓర్పుకు ఒక ఆకారం దొరికినట్టయింది.

అయినా ఆవిడ మా మందిరానికి ఎప్పుడూ రాలేదు. ఒకసారి కారులో సూర్యాపేట వెళుతుంటే ఉండబట్టలేక అడిగాను, "మేడం, మీరు దేవుణ్ణి నమ్మరా?" అని.

"నమ్మక ఏడికి పోత? పొద్దుగాల లేవంగనే దండం పెడ్త. గానీ దేవునికి డ్యూటీ ఎయ్య."

"అంటే?"

"కరెంటు పోతే ఏం జెయ్యాల్నో ఆలోచించుడు నా డ్యూటీ. ఏం గాదులే, దేవుడున్నడు అని నేను పండుకుంటే, నా డ్యూటీ ఆయనకేసినట్టే గద. ఆయన నా కింద పనిచేస్తడా?"

నాకు ఆ మాట గుచ్చుకుంది. దేవుడి గురించి అలా తేలిగ్గా మాట్లాడడం మా ఇంట్లో ఎరగం. తర్వాత పారాయణంలో కూర్చున్నప్పుడు ఆ మాట మళ్ళీ గుర్తుకొచ్చింది. నేను ఎన్నిసార్లు నా బద్ధకాన్ని ఆయన పాదాల దగ్గర పెట్టి, దానికి శరణాగతి అని పేరు పెట్టానో ఆలోచించాను. చేయవలసినదంతా చేసి, చేతులు ఖాళీ అయ్యాక జోడించినప్పుడే దండం నిండుగా ఉంటుందని ఇప్పుడు నమ్ముతాను. ఈ నమ్మకం నాకు మందిరంలో మొదలై, ఆ కారులో పూర్తయింది.

అసలు పరీక్ష కొత్త పద్ధతి తయారయ్యాక వచ్చింది. మా చైర్మన్ గారు మంచి మనిషి, దైవభక్తి ఎక్కువ. మా భజన సమాజానికి వచ్చి పాడినవారు కూడా. ఆయన గుడి పూజారి అయ్యగారిని అడిగి కార్తీకంలో ముహూర్తం పెట్టించారు. ఆ గడియలో మూడు ఊళ్ళలోని అన్ని గేట్లలో కొత్త కంప్యూటర్ పద్ధతి మొదలవ్వాలి, పాతవి అదే గడియలో ఆపేయాలి. కార్తీకం అంటే వానాకాలం వడ్లు కోతకు వచ్చే సమయం. పచ్చి వడ్లు పొలం నుంచి నేరుగా ట్రాక్టర్లలో గేటుకు వస్తాయి. గేటు ఒక్కపూట ఆగినా ఆ వడ్లు బండిలోనే వేడెక్కి రంగు మారతాయి. ఆ రైతుకు ఆ ఏడాది కష్టం అంతా అక్కడే పోతుంది.

"సార్, ముహూర్తానికి నేను అడ్డం జెప్ప. కోతలప్పుడు అన్ని గేట్లు ఒక్కటేసారి మార్చొద్దంటున్న. పాతది పక్కకు నడవనియ్యిన్రి" అన్నారు మేడం.

"అదెట్ల మేడం? గృహప్రవేశం జేసి, పాలు పొంగిచ్చినంక మళ్ళ పాతింట్ల పొయ్యి ముట్టిస్తమా? అరిష్టం గాదా?" అన్నారు చైర్మన్ గారు. ఆయన ఆ మాట మనస్ఫూర్తిగానే అన్నారు.

"అయితే నేను ఉండ సార్. ఇంకో మనిషిని జూస్కోండ్రి. గేటు కాడ వడ్లు మాడితే నేను జూడలేను."

ఆవిడ కోపంగా అనలేదు. భోజనానికి వెళుతున్నానన్నంత మామూలుగా అన్నారు. అందుకే అందరికీ అది నిజమని తెలిసింది. ఆ సాయంత్రం చైర్మన్ గారు నన్ను పిలిపించారు. "భారతమ్మా, మేడంకు గివన్నీ పట్టవు. నువ్వు శాస్త్రం తెల్సిన పిల్లవు. నువ్వు జెప్పి జూడు. వినకపోతే పోనీ, నువ్వే నిలబడి నడిపియ్యి. నీకు దేవుని తోడుంది" అన్నారు. ముహూర్తాన్ని నేనూ నమ్ముతాను. దాన్ని కాదనడానికి నాకు నోరు రాదు. గేటు ఆగితే ఏమవుతుందో కూడా నాకు తెలుసు, ట్రాక్టరు మడ్‌గార్డు మీద కూర్చున్న మనిషిని చూసినదాన్ని. నా భక్తి ఒకవైపు, నా చదువు ఒకవైపు లాగినట్టుగా ఉంది. మందిరంలో సప్తాహం ఉందని, అది ముగిశాక చెబుతానని కోదాడ వచ్చేశాను.

సప్తాహం అంటే ఏడురోజులు, రాత్రింబవళ్ళు నామం ఆగకుండా పాడడం. ఒక జట్టు అలసిపోయే వేళకు ఇంకొక జట్టు వస్తుంది. చుట్టుపక్కల ఊళ్ళ జట్లన్నీ వంతులు వేసుకుంటాయి. మధ్యలో దీపం, దాని చుట్టూ తాళాలు, మృదంగం పట్టుకుని తిరుగుతూ పాడతారు. ఒక జట్టు తన వంతు ముగించి తప్పుకోవడాన్ని లేవడం అంటాం. ఒక మధ్యాహ్నం, ఎండకు జనం పలచబడ్డ వేళ, భుజం మీద పోటు పడింది. తిరిగి చూస్తే సుగుణ మేడం. కోదాడ గోదాము పనిమీద వచ్చి, నన్ను వెతుక్కుంటూ మందిరానికి వచ్చారట. చెప్పులు బయట విడిచి, కొంగు భుజం చుట్టూ కప్పుకుని, నా పక్కన స్తంభానికి ఆనుకుని కూర్చున్నారు. సరిగ్గా అప్పుడే జట్టు మారే సమయమయింది. కొత్తజట్టు లోపలికి వచ్చి, పాతజట్టు వెనకే తిరుగుతూ వాళ్ళతో కలిసి అందుకుంది.

మేడం నిటారుగా కూర్చున్నారు. "ఇప్పుడు రెండు గుంపులు కలిసి పాడుతున్నయా?"

"అవునండి. నామం తెగకూడదు కదా."

"ఎంతసేపు?"

"అది ఇంతని ఉండదండి. కొత్తవాళ్ళకు శ్రుతి కుదిరేదాకా."

"కుదరకపోతే?"

"పాతవాళ్ళు లేవరు. వాళ్ళ గొంతు పోయినా సరే, లాక్కొస్తారు. మొన్న ఒక జట్టులో మృదంగం ఆయన తాళం తప్పాడు. పాతజట్టు ఆయన మళ్ళీ వచ్చి అందుకున్నాడు."

"మరి పాతోళ్ళు పోయేటప్పుడు అందరొక్కసారే లేస్తరా?"

"లేదండి. మొదట వెనక వరస వాళ్ళు జారుకుంటారు. తర్వాత తాళాలు. మృదంగం చివరికి. బయట ఉన్నవాళ్ళకు జట్టు మారిందని తెలియను కూడా తెలియదు."

ఈ మాటలు చెబుతూ చెబుతూనే నేనేం చెబుతున్నానో నాకే తట్టింది. ఆవిడ నవ్వారు. ఆవిడ అంత మెత్తగా నవ్వడం నేను అంతకుముందు చూడలేదు. "నేను నెల సంది మొత్తుకునేది గిదే గద పిల్లా. మీ తాతల కాలం నుంచి మీకు తెల్సు. నాకు ఇరవై ఏండ్లు పట్టింది" అన్నారు. ప్రసాదం తీసుకుని, కళ్ళకద్దుకుని తిని, కోదాడ బస్టాండుకు ఆటోలో వెళ్ళిపోయారు. నేను మాత్రం చాలాసేపు అక్కడే ఉండిపోయాను. నా భక్తి, నా చదువు రెండు వైపుల లాగుతున్నాయనుకున్నాను. అవి ఒకే మాట చెబుతున్నాయి. నేనే వినలేదు.

సప్తాహం ముగిశాక చైర్మన్ గారి గదికి మేడంతో కలిసి వెళ్ళాను. మేడం కుర్చీలో వెనక్కి కూర్చున్నారు. మాట్లాడవలసింది నేనే అని ఆ కూర్చోవడంలోనే చెప్పారు.

"సార్, ముహూర్తం మార్చొద్దండి. ఆ గడియకే మొదలుపెడదాం. కానీ ఇది గృహప్రవేశం కాదు సార్, సప్తాహం. గృహప్రవేశం అయితే పాత ఇంటి నుంచి కదలాలి. ఇక్కడ నామం ఆగకూడదు. ముహూర్తం కొత్తజట్టు అడుగుపెట్టడానికి. పాతజట్టు లేవడానికి ముహూర్తం ఉండదు కదండి."

చైర్మన్ గారు బల్ల మీది గాజు మీద వేలితో తాళం వేశారు. ఆయనకు ఆ దీపం చుట్టూ తిరిగిన రోజులు గుర్తొచ్చి ఉంటాయి. "పాతజట్టు పక్కకుంటే అరిష్టం అనరు ఆడ" అన్నారు, తనలో తాను అనుకుంటున్నట్టు. తర్వాత, "ఏ గేటుతోని మొదలువెడ్తరు?" అని అడిగారు. మేడం అప్పుడు ఒక్కమాట అన్నారు. "సూర్యాపేట సార్. లింగయ్య గేటు."

ముహూర్తానికి కొబ్బరికాయ కొట్టాం. సూర్యాపేట గేటులో కొత్త కంప్యూటర్, పాత కంప్యూటర్ పక్కపక్కనే పెట్టాం. ప్రతి బండినీ రెండింటిలోనూ ఎక్కించాలి. సాయంత్రం రెండింటి లెక్కలూ కలవాలి. లింగయ్య మొదటి రోజే గొణిగాడు. "రెండు పెండ్లాల మొగని లెక్కయింది మేడం నా బతుకు. ఇటు తిరిగితే అది అలుగుతది, అటు తిరిగితే ఇది అలుగుతది."

"ఓపిక పట్టు లింగయ్యా. పెద్దామెను జల్దిన పుట్టింటికి పంపిద్దాం" అన్నారు మేడం.

కోతలు ముదిరాయి. ఒకరోజు పొద్దున్నించీ మబ్బు పట్టింది. వాన వస్తుందేమోనని రైతులందరూ ఒక్కసారే కోయించి తెచ్చారు. ట్రాక్టర్లు హైవే దాకా నిలిచాయి. మధ్యాహ్నం కొత్త పద్ధతి బిగుసుకుపోయింది. తేమ లెక్కలు పంపే చోట మేము ఊహించనన్ని చిట్టీలు ఒక్కసారే వచ్చిపడ్డాయి. నేను గేటులోనే ఉన్నాను. లింగయ్య మాత్రం నావైపు తిరిగి కూడా చూడలేదు. కొత్తదాన్ని పక్కకు జరిపి, పాతదాంట్లో పని చేసుకుంటూ పోయాడు. కొత్తదానికి చేరాల్సిన చిట్టీలు, కల్లం మీది గంపలాగే మేము మధ్యలో పెట్టిన కంప్యూటర్ గంపలో జమవుతూ ఉన్నాయి. బయట ఒక రైతు కిటికీలోంచి తల పెట్టి, "ఓ లింగన్నా, లోపల అందరు కంప్యూటర్ సుట్టు మూగిన్రు, ఏందీ?" అని అడిగాడు. "ఏం లేదే, కొత్త పెండ్లాం అలిగింది. నీ బండి తోలు" అన్నాడు లింగయ్య. ఆ రైతు నవ్వుకుంటూ తోలుకుపోయాడు. పోతూపోతూ మా గేటు పక్క కొట్టులో చాయ్ బాగాలేదని తిట్టి మరీ పోయాడు. ఆరోజు మేము విన్న ఫిర్యాదు అదొక్కటే. సాయంత్రానికి తప్పు ఎక్కడో పట్టుకుని సరిచేశాం. గంపలోని చిట్టీలన్నీ వరసగా లెక్కల్లోకి చేరాయి. ఒక్క బండి కూడా ఆగలేదు. నాకు ఏడుపొచ్చింది. గేటు వెనక వేపచెట్టు దగ్గర నిలబడి దండం పెట్టుకున్నాను. చేతులు నిజంగానే ఖాళీగా ఉన్నాయి.

తర్వాత చైర్మన్ గారు అన్నారు, "ఏం గాలే గద మేడం. ఊకె భయపెట్టిన్రు." మేడం నొచ్చుకుంటారేమో అనుకున్నాను. ఆవిడ నావైపు తిరిగి కన్ను గీటారు. బయటికి వచ్చాక, "ఇన్నవా? ఏం గాలే అన్నడు. మన పనికి గంతకన్న పెద్ద సర్టిఫికెట్ లేదు" అన్నారు.

ఒక్కో గేటు, ఒక్కో మిల్లు అలాగే మారాయి. పాతదాన్ని ఆపే రోజు మేడంకు ఒక పద్ధతి ఉండేది. దాని మీద ఎక్కువకాలం పనిచేసిన మనిషి చేతనే ఆపించేవారు. సూర్యాపేటలో ఆ వంతు లింగయ్యది. ఆ పాత కంప్యూటర్‌కు ఆయన ప్రతి దసరాకూ ఆయుధపూజ చేసేవాడు. దాని నుదుటి మీద ఎన్నో ఏళ్ళ కుంకుమ ఎండిపోయి ఉంది. ఇన్నాళ్ళూ దాన్ని తిట్టుకున్న మనిషి, బటన్ నొక్కే ముందు చేయి వెనక్కి తీసుకున్నాడు. "నువ్వెప్పుడు నన్ను మోసం చెయ్యలే" అన్నాడు దానితో. ఎవరూ నవ్వలేదు. మేడం తలవంచుకుని నిలబడ్డారు. పాతదాన్ని చెత్త అనడం ఆవిడ దగ్గర కుదిరేది కాదు. అది అన్నాళ్ళు మోసింది కాబట్టే మనకు కొత్తది కట్టే తీరిక దొరికింది అనేవారు.

సుగుణ మేడం ఉద్యోగం విరమించి ఇప్పుడు వాళ్ళ ఊళ్ళోనే ఉంటున్నారు. ఆవిడ కుర్చీ నాకు వచ్చింది. ఈ మధ్య కంపెనీ మళ్ళీ పెరిగింది. ఇంకో నాలుగు ఊళ్ళకు పాకింది. మేమిద్దరం కట్టిన పద్ధతి ఇక సరిపోదని, దాన్ని మార్చి కొత్తది కట్టడానికి కుర్రవాళ్ళ బృందాన్ని తీసుకున్నారు. మొదటి సమావేశంలోనే ఆ పిల్లలు మా పనిని పాత సిస్టం అన్నారు. మర్యాదగానే అన్నారు. అయినా ఆ రాత్రి నాకు అన్నం సహించలేదు. ఆదివారం బస్సెక్కి తిరుమలగిరి వెళ్ళాను.

మేడం పత్తి చేను గట్టు మీద కూర్చుని ఉన్నారు. జుట్టు పూర్తిగా తెల్లబడింది. అన్నీ చెప్పాను. ఆ పిల్లలకు ఏమీ తెలియదని, ఆ మబ్బు రోజు గురించి తెలియదని, ఏ గీత ఎందుకు గీశామో తెలియదని చెప్పుకుపోయాను. ఆవిడ మధ్యలో అడ్డుపడ్డారు.

"వాళ్ళకు తెల్వదు సరే. నువ్వు చెప్పినవా?"

"అడగలేదు మేడం వాళ్ళు."

"కొత్తగ వచ్చినోళ్ళకు ఏం అడగాల్నో ఎట్ల తెలుస్తది? నువ్వు నా దగ్గరికి వచ్చిన్నాడు నీకు తెల్సునా?" మళ్ళీ ఆవిడే అన్నారు. "కట్టిన్నాడే నాకు తెల్సు, ఇది ఒకనాడు తీసేస్తరని. అందుకే ఏ డబ్బాకాడబ్బా ఇప్పుకునేటట్టు కట్టించిన. నీకు గుర్తులేదా, నువ్వు గునిసినవ్ గూడ, ఇంత చాకిరెందుకు మేడం అని. గట్ల ఇప్పొచ్చేటట్టు కట్టుడే మనం చేసిన మంచి పని. ఇప్పేటోళ్ళ మీద అలుగుతవా?"

ఆవిడ లేచి, చేను వైపు నడుస్తూ, "పిల్లలు మంచోళ్ళేనా? తిండి మంచిగ తింటున్నరా? మిర్యాలగూడ ఎండకు హైదరాబాద్ పిల్లలు ఆగరు. మజ్జిగ తాపియ్యి" అన్నారు. అంతటితో ఆ సంగతి ఖతం. తర్వాత బోరు గురించి, పత్తి ధర గురించి మాట్లాడుకున్నాం.

మొన్నటి బస్సు ప్రయాణం ఆ పిల్లల దగ్గరికే. ఇప్పుడు వారం వారం వాళ్ళతో కూర్చుంటున్నాను. మా పద్ధతిలో ఏది గట్టిదో చెప్పే ముందు, ఏది బలహీనమో చెబుతున్నాను. మొదటి రోజు అది చెప్పడం కష్టమయింది. ఇప్పుడు అలవాటయింది. వాళ్ళను ఒక్కొక్కరినీ ఒక్కో బండి వెనక పంపాను. వాళ్ళలో నస్రీన్ అనే అమ్మాయి మొదట తిరిగి వచ్చింది. దుమ్ము కొట్టుకున్న మొహంతో, తన పటంలో రెండు డబ్బాలు తానే కొట్టేసి తెచ్చింది. నేను అడగకముందే.

పొద్దున పూజలో సంకల్పం చెప్పుకునేటప్పుడు ఇన్నాళ్ళూ గోత్రం చెప్పి, మా ఇంట్లోవాళ్ళ పేర్లు చెప్పుకునేదాన్ని. ఈ మధ్య ఆ పేర్ల తర్వాత నస్రీన్ పేరు, మిగిలిన పిల్లల పేర్లు కూడా చెబుతున్నాను. నేను కట్టినదాన్ని విప్పబోయేవాళ్ళ చేతులు చల్లగా ఉండాలని. వాళ్ళ గోత్రాలు నాకు తెలియవు. వట్టి పేర్లే చెబుతాను. ఆయనకు అవి చాలు.